నంబరు ఇచ్చి దారి మూశారు

పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలో పాత ఇనుము విలువ కాటా మీద తేలుతుంది. ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర జాతీయ రహదారి వదిలి పారిశ్రామికవాడలోకి తిరిగితే రేకు ముక్కలు, అరిగిన గేర్లు, విప్పేసిన పైపులు నింపుకున్న డీసీఎంలు ఎదురొస్తుంటాయి. వేబ్రిడ్జి స్లిప్పు చేతికొచ్చాక ఆ సరుకు ఒకప్పుడు ఏ మిషన్‌లో తిరిగిందని అడిగేవాళ్లుండరు.

అలాంటి చోట 1951 మోడల్ ప్లిమత్ కారు ఒకటి అమ్మకానికి వచ్చిందనుకుందాం. నాలుగు తలుపుల సెడాన్, బరువు సుమారు 1,400 కిలోలు. తుక్కు కిలో 30 రూపాయలని లెక్కేస్తే మొత్తం 42,000. అదే బండి మీద మనసు పారేసుకున్నవాడు ఇచ్చే ధర ఇంతకు ఎన్నో రెట్లుంటుంది. ఈ తేడా ఇనుములోంచి రాలేదు. ఒక కుటుంబం డెబ్బై ఏళ్లకు పైగా దాన్ని కాపాడుకుంది. వానకు తడవకుండా షెడ్డు వేసింది, ఆర్‌సీ పుస్తకాన్ని పెట్టె అడుగున దాచింది, రేడియేటర్ కారితే మాటు వేయించింది, అన్నిటికన్నా ముఖ్యంగా బండిని నడుపుతూ వచ్చింది. కొత్తగా కొనేవాడు డబ్బు పెట్టేది దానికే.

కానీ కొన్న మర్నాడు ఆ బండికి సర్కారు వారి గౌరవం, అంటే వింటేజ్ రిజిస్ట్రేషన్, చేయించాడా, ఇక పిల్లల్ని ఎక్కించుకుని సంగారెడ్డి దాకా పోయి రావడానికి కూడా హక్కుండదు. పాత కార్లను కాపాడాలని 2021లో తెచ్చిన నిబంధనల్లో అన్నిటికన్నా వంకర ముడి ఇదే. దాన్ని విప్పాల్సిన సమయం వచ్చింది.

ముందు ఈ బళ్లు ఇక్కడికెలా చేరాయో చూడాలి. అమెరికా కార్లు ఓడల్లో విడిభాగాలుగా దిగి, బొంబాయిలో బళ్లయ్యేవి. జనరల్ మోటార్స్ 1928లో అక్కడ సెవ్రీలో ఫ్యాక్టరీ పెట్టి షెవర్లేలు బిగించింది. ఫోర్డ్ బొంబాయి, మద్రాసు, కలకత్తాల్లో అదే వ్యాపారం చేసింది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయి కుర్లాలో క్రైస్లర్ కంపెనీ బళ్లు బిగించింది. ప్లిమత్, డాడ్జ్ కింగ్స్‌వే, డిసోటో డిప్లొమాట్ అని వాటికి మూడు పేర్లు. ముందు జాలీ, బానెట్ మీది బిళ్ల మారిస్తే మిగతా ఒళ్లంతా దాదాపు ఒకటే. ఒకే సరుకును మూడు లేబుళ్లతో అమ్మే కిటుకు ఈ కాలపు ఫార్మా కంపెనీలు కనిపెట్టింది కాదన్నమాట. 1953లో టారిఫ్ కమిషన్ విడిభాగాలు తెచ్చి బిగించడంతో సరిపెట్టుకునేవాళ్లను కాదని, దేశంలో తయారీ పెంచేవాళ్లకే చోటివ్వాలని చెప్పింది. ఆ మరుసటి ఏటికల్లా జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ సర్దుకున్నాయి. అందుకే మన రోడ్ల మీద మిగిలిన అమెరికా బళ్లలో ఎక్కువ భాగం స్వాతంత్ర్యానికి కాస్త అటూ ఇటూ పుట్టినవి.

హైదరాబాద్‌కు కార్ల మోజు పాతదే. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో 1930 నాటి రోల్స్‌రాయిస్, జాగ్వార్ మార్క్ ఫైవ్‌ల సరసన అమెరికా ప్యాకార్డ్ కూడా కొలువుదీరింది. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంది, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం సింహాసనం లాంటి సీటుతో చేయించారు. బండి వచ్చేసరికి ఆయన లేరు, 1911లోనే కన్నుమూశారు. అది మొత్తం మీద నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదంటారు. అంత తక్కువ తిరిగిన బండికి కూడా ఒళ్లంతా పునరుద్ధరణ చేయాల్సి వచ్చింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

ప్లిమత్‌ది ఆ వరస కాదు. అది సింహాసనం లేని కారు. ముందొక బెంచీ సీటు, వెనకొక బెంచీ సీటు. అమెరికా లెక్కలో ఆరుగురు కూర్చునే బండి. మన లెక్కలో పెళ్లికి బయల్దేరిన ఇంటిల్లిపాది, ఒళ్లో పిల్లలు, కాళ్ల దగ్గర మిఠాయి డబ్బా. స్టీరింగ్ పక్కన హ్యాండ్ గేరు, ముందుకు మూడే గేర్లు. 3.6 లీటర్ల ఆరు సిలిండర్ల సైడ్ వాల్వ్ ఇంజన్, ఆరు వోల్టుల బ్యాటరీ. కంప్రెషన్ ఏడుకు ఒకటి మాత్రమే కాబట్టి నాసి పెట్రోలు పోసినా గొణగదు. వాల్వులు బ్లాకులోనే ఉంటాయి, హెడ్ విప్పితే చాలు లోపలంతా కంటికి కనబడుతుంది. పల్లె మెకానిక్‌కు అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం ఉండదు. వకీళ్లు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు, మోతుబరులు కొన్నది ఇలాంటి బళ్లనే. 1960ల తెలుగు సినిమాల్లో పెద్దింటి పోర్టికోలో ఆగే పొడుగాటి కారు కూడా ఈ అమెరికా వంశానిదే, కాకపోతే అప్పటికి తోకలు మొలిచి ఇంపాలా అయింది.

లీటరుకు ఆరేడు కిలోమీటర్లు ఇచ్చే ఈ కార్ల నడుం విరిచింది 1973 చమురు సంక్షోభం. అంబాసిడర్, ఫియట్ అప్పటికే రోడ్డు నిండా ఉన్నాయి. అమెరికా బండి ఉన్నవాళ్లలో కొందరు కవరు కప్పి పక్కన పెట్టారు. కొందరు అసలు ఇంజన్ దింపేసి డీజిల్ ఇంజన్ ఎక్కించి టాక్సీగా తిప్పారు. మిగిలినవి తుక్కుకు పోయాయి. డీజిల్ ఎక్కించినవాడిని ఈ రోజు తిట్టుకునే పాత కార్ల సేకర్తలున్నారు. ఆ మార్పే చేయకపోతే బండి ఏనాడో కొలిమికి చేరేదని వాళ్లు ఒప్పుకోరు.

ఇక నిబంధనల సంగతి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాల కోసం ప్రత్యేక భాగం చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, సొంత వాడకపు రెండు చక్రాల, నాలుగు చక్రాల బళ్లు దీని కిందికి వస్తాయి. బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చినంత పెద్ద పని జరిగి ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేసుకోవాలంటే 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. మళ్లీ చేయించాలంటే 5,000. కొత్తగా ఎక్కే బండికి రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వచ్చే నంబరు ఇస్తారు. అప్పటికే మన దేశంలో రిజిస్టరై ఉంటే పాత నంబరే ఉంచుకోవచ్చు. అమ్మినా కొన్నా 90 రోజుల్లోగా ఇద్దరూ తమ రవాణా అధికారులకు చెప్పాలి.

ఇంతవరకు బాగుంది, నిజంగానే బాగుంది. అంతకుముందు పాత బండి యజమాని ఆర్టీఏ ఆఫీసులో ఎవరికీ చెందని మనిషి. 1989కి ముందు నాటి ఆర్‌సీ పుస్తకం, చేతిరాత, మాసిన స్టాంపు. కంప్యూటర్లో ఆ నంబరు కొడితే ఏమీ రాదు. మెదక్ జిల్లాగా ఉన్నప్పుడు ఏపీ 23, రాష్ట్రం వచ్చాక టీఎస్ 15, 2024 మార్చి నుంచి టీజీ 15. పాశమైలారం చుట్టుపక్కల బళ్ల నంబర్లే ఇన్ని వేషాలు మార్చితే, మూడక్షరాల పాత నంబరు ప్లేటుతో వచ్చినవాడి పాట్లు ఊహించుకోవచ్చు. ఆ పాత నంబరును ఉంచుకోనివ్వడం ఒక్కటి చాలు ఈ నిబంధనలు రాసినవాళ్లకు దణ్ణం పెట్టడానికి.

అయితే అదే చేత్తో ఇంకో వాక్యం రాశారు. వింటేజ్‌గా రిజిస్టరైన బండిని మామూలు అవసరాలకు, వ్యాపారానికి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీ, పెట్రోలు పోయించడం, రిపేరు, అంతే. ఆదివారం పూట జహీరాబాద్ రోడ్డు మీద కుటుంబంతో సరదాగా వెళ్తున్నవాడిని పోలీసు ఆపితే ‘పెట్రోలు బంకుకు పోతున్నానండీ’ అనాలి. పక్కన భార్య, వెనక అత్తగారు, ముగ్గురు పిల్లలు, టిఫిన్ క్యారియర్. ఏ బంకుకు బాబూ అని అడిగితే ఏం చెప్తాడు? నిజాయతీపరుడి చేత అబద్ధం ఆడించే నిబంధనలో ఏదో తేడా ఉన్నట్టే లెక్క.

మామూలు ఆర్‌సీతోనే ఉండిపోతే? ఫిట్‌గా ఉందని తేలితే అయిదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకుని రోజూ తిప్పుకోవచ్చు, ఎవరూ అడగరు. కాకపోతే పాత బండి అనే ముద్ర పడుతుంది, ఆ ముద్రకు ఏటేటా ధర పెరుగుతోంది. 2025 ఆగస్టు నోటిఫికేషన్ ప్రకారం 20 ఏళ్లు దాటిన కారు రెన్యూవల్‌కు 10,000 రూపాయలు, దిగుమతి కారైతే 80,000. కుర్లాలో బిగించిన ప్లిమత్ దేశవాళీదా, దిగుమతిదా? బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర అదే మొదటి పేచీ కావచ్చు. ఢిల్లీ లాంటి చోట పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండికి రోడ్డే లేదని పదేళ్లుగా నడుస్తున్న రగడ తెలిసిందే. ఆ గాలి రేపు ఇటు వీస్తే మామూలు ఆర్‌సీ మీద ఉన్న ప్లిమత్‌కూ, పొగ కక్కే పదహారేళ్ల ట్రావెల్స్ బండికీ తేడా చూసేవాళ్లుండరు.

అంటే యజమాని ముందున్నవి రెండే దారులు. తుక్కు కింద జమ కట్టించుకుని తిప్పుకోవడం, లేదా వారసత్వ సంపదగా గుర్తింపు పొంది ఇంట్లో నిలబెట్టడం. బాగా చూసుకున్నవాడికి శిక్ష, పట్టించుకోనివాడికి వెసులుబాటు. నలుగురూ కూర్చుని కావాలని రాసినా ఇంత తిరకాసుగా కుదరదు.

నిలబెడితే ఏమవుతుందంటారా? పాత బండికి పరుగు కన్నా నిలకడ ఎక్కువ హాని చేస్తుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, వీల్ సిలిండర్ లోపల తుప్పు పట్టి పిస్టన్ బిగుసుకుంటుంది. కార్బరేటర్‌లో మిగిలిన పెట్రోలు జిగురై జెట్టు మూసుకుపోతుంది. నెలల తరబడి ఆయిల్ తగలని సీళ్లు ఎండి పగుళ్లిస్తాయి, కార్క్ గాస్కెట్లు కుంచించుకుపోతాయి. టైరు ఒకే చోట నొక్కుకుని చదునవుతుంది. ర్యాలీ రోజున తోసి స్టార్ట్ చేసి, పది నిమిషాలు నడిపి మళ్లీ కవరు కప్పితే అది ఇంకా అన్యాయం. ఇంజన్ పూర్తిగా వేడెక్కక లోపల పుట్టిన నీరు ఆయిల్లోనే ఉండిపోతుంది. చౌమహల్లా సిల్వర్ గోస్ట్ సంగతి ఇక్కడ గుర్తు తెచ్చుకోవాలి. ఏ షెడ్డులోనైనా ముసలి మెకానిక్‌ను అడిగితే నెలకు రెండుసార్లు ఇరవై ముప్ఫై కిలోమీటర్లు తోలమంటాడు. ఆ మాట మన నిబంధనల ప్రకారం నేరం.

ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. 2023లో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2025కల్లా దేశమంతా పరుచుకుంది. చెరకు రైతుకు, విదేశీ మారకానికి అది మేలే చేయవచ్చు, ఆ చర్చ వేరు. కానీ 1951లో చేసిన రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు ఇథనాల్‌ను చూసి ఎరగవు. అది వాటిని ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. నీళ్లను లాక్కుని ట్యాంకు అడుగున తుప్పు పెంచుతుంది. బండి తిరుగుతుంటే ట్యాంకులో పెట్రోలు మారుతుంటుంది కాబట్టి ఎంతో కొంత నయం. ఆరు నెలలు నిలిచిన ట్యాంకు మాటేమిటి?

పాత బళ్లు రోడ్డెక్కడాన్ని వ్యతిరేకించేవాళ్ల మాటల్లో పస లేదని కాదు. మొదటిది భద్రత. ప్లిమత్‌కు సీటు బెల్టు లేదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, వాటన్నిటికీ కలిపి ఒకే ఆయిల్ లైను, ఎక్కడ తెగినా పెడలు నేలకు పోతుంది. గుద్దుకుంటే స్టీరింగ్ రాడ్డు ముడుచుకోదు, ఛాతీలోకి వస్తుంది. రాత్రిపూట కంటైనర్ లారీల మధ్య ముంబై రోడ్డు మీద దాన్ని తోలడం సాహసం కూడా కాదు, బుద్ధి తక్కువ. ముత్తంగి దగ్గర అవుటర్ రింగు రోడ్డెక్కిస్తే ఇంకా తప్పు. కాబట్టి చీకటి పడ్డాక వద్దు, ఎక్స్‌ప్రెస్ రోడ్లు వద్దు అనండి, వేగానికి హద్దు పెట్టండి. ఎవరూ కాదనరు.

రెండోది పొగ. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని పాత ఇంజన్ లీటరు లెక్కన కొత్త కారు కన్నా చాలా ఎక్కువ విషం వదులుతుంది, ఇందులో వాదన లేదు. కానీ అది తాగేది ఎన్ని లీటర్లు? ఏడాదికి 1,500 కిలోమీటర్లు తిరిగితే లీటరుకు ఏడు చొప్పున 214 లీటర్లు. పాశమైలారంలో సరుకెత్తుకుని ముంబై పోయి వచ్చే ఒక్క లారీ ఒక్క ట్రిప్పులో అంతకు మించిన డీజిల్ తాగుతుంది. పైగా ఇది పటాన్‌చెరు ప్రాంతం. ఫ్యాక్టరీల మురుగుతో నక్కవాగులో ఏ రంగు నీళ్లు పారాయో, దాని మీద సుప్రీంకోర్టు దాకా ఎన్నేళ్లు కేసు నడిచిందో ఎరిగిన జనం. ఆదివారం పూట తిరిగే నాలుగు పాత కార్ల మీద పర్యావరణ ప్రేమ ఒలకబోస్తే నవ్విపోతారు.

బయటి దేశాలు దీన్ని ఎలా తేల్చుకున్నాయి? జర్మనీలో 30 ఏళ్లు దాటిన, అసలు రూపంలో బాగా ఉన్న బండికి నంబరు చివర హెచ్ అనే అక్షరం ఇస్తారు. 1997 నుంచి ఉన్న పద్ధతి. తనిఖీ గట్టిగా ఉంటుంది. నెగ్గితే ఏడాదికి ఒకే రకం పన్ను కట్టి మామూలుగానే తిప్పుకోవచ్చు, కాలుష్య నియంత్రణ ఉన్న ఊళ్ల మధ్యలోకి కూడా పోవచ్చు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటితే రోడ్డు పన్నే లేదు, పెద్ద మార్పులు చేయని బండికి 2018 నుంచి ఏటా తనిఖీ కూడా తప్పనిసరి కాదు. అంత ధారాళం మనకు అక్కర్లేదు, మన బ్రేకుల సంగతి మనకు తెలుసు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన టూరిన్ చార్టర్ బండిని భద్రపరచడంతో పాటు వాడటాన్ని కూడా వారసత్వ రక్షణలో భాగంగానే చూస్తుంది.

క్యూబా కథ ఇంకో రకం. 1959 విప్లవం, ఆ వెంటనే అమెరికా ఆంక్షలు. కొత్త కార్లు లేవు, స్పేర్లు లేవు. ఉన్న షెవర్లేలు, ప్లిమత్‌లు, బ్యూక్‌లనే అరవై ఏళ్లుగా టాక్సీలుగా తిప్పుతున్నారు. దొరికిన డీజిల్ ఇంజన్ బిగించారు, రష్యా బండి బ్రేకులు తగిలించారు, లేని ముక్కను లేత్ మీద చేసుకున్నారు. ప్రపంచమంతా విమానమెక్కి వెళ్లి ఫొటోలు దిగే ఆ కార్లలో చాలావాటికి మన నిబంధనల ప్రకారం వింటేజ్ ప్లేటు రాదు. ఇంజన్ మారింది కదా!

డీజిల్ ఎక్కించిన మన బళ్ల గతి కూడా ఇంతే. ఈ విషయంలో కొంచెం ఉదారంగా ఉండాలి. ఫలానా ఏడు ఇంజన్ మార్చారని ఆర్‌సీలో ఎక్కి ఉంటే, ఆ మార్పుకే యాభై ఏళ్లు నిండితే, అది కూడా ఆ బండి చరిత్రే. మొన్న మార్చినదాన్నీ, తాత మార్చినదాన్నీ ఒకే గాట కట్టడం కుదరదు.

పాశమైలారం ఈ కథలో ఊరికే రాలేదు. 65వ నంబరు జాతీయ రహదారి, పాతవాళ్లకు తొమ్మిదో నంబరు రోడ్డు, పుణె నుంచి మచిలీపట్నం దాకా పోతుంది. కుర్లా నుంచి రోడ్డు మీద హైదరాబాద్ వచ్చిన ప్లిమత్ ఏదైనా ఉంటే ఈ దారినే వచ్చి ఉంటుంది. ఇవాళ అదే రోడ్డు వెంబడి ఒక కారుకు కావలసిన సరంజామా అంతా తయారవుతోంది. జహీరాబాద్‌లో ఒకప్పటి ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వచ్చి ఆటోలు, ట్రాక్టర్లు చేస్తోంది. సదాశివపేటలో ఎమ్మారెఫ్ టైర్లు. ఇస్నాపూర్‌లో పెన్నార్ వాళ్లు ఉక్కు రేకు సాగదీస్తారు. పటాన్‌చెరులో ఏషియన్ పెయింట్స్. కాస్త పక్కకు పోతే ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో యుద్ధ శకటాలే తయారవుతాయి. అదే రోడ్డు పట్టుకుని ఇంకా ముందుకు పోతే విజయవాడ ఆటోనగర్. లారీని ఎముకల దాకా విప్పి మళ్లీ నిలబెట్టే నేర్పు తెలుగునాట ఎక్కడైనా ఉందంటే ముందు అక్కడే ఉంది.

ఇన్ని ఉండి ప్లిమత్ తలుపుకు రబ్బరు బీడింగు దొరకదు. పదివేల ముక్కలకు ఆర్డరిస్తే ఈ పారిశ్రామికవాడలో ఏ షెడ్డయినా చేసిపెడుతుంది. పది ముక్కలు అడిగితే టీ ఇచ్చి పంపిస్తారు. రాణిగంజ్ స్పేర్ల దుకాణాల్లో వెతికితే అదృష్టం ఉన్నవాడికి ఏదో ఒకటి తగులుతుంది, లేనివాడు అమెరికాలో ఉన్న మేనల్లుడికి ఫోను చేస్తాడు. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో పండక్కి వచ్చే పిల్లల సూట్‌కేసుల్లో పచ్చళ్లకు బదులుగా ఇటు దిగే సామాన్లలో వాటర్ పంపు కిట్లు కూడా ఉంటున్నాయి. ఏకంగా బండినే తెచ్చుకోవచ్చని 2025లో కేంద్రం 50 ఏళ్లు దాటిన కార్ల దిగుమతికి దారి తెరిచింది. అంతకుముందు 1950కి ముందు చేసినవాటికే వీలుండేది. కానీ సుంకాలన్నీ కలిపితే బండి వెలను మించిపోతాయి. అంత పోసి తెచ్చిన బండి కూడా ఆ ‘రోడ్డెక్కరాదు’ వాక్యం కిందికే రావాలి.

రాష్ట్ర ప్రభుత్వం 2024 నుంచి టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తోంది. అక్కడ పిల్లలు కంప్యూటర్ మీద గీసి మిషన్ మీద చెక్కడం నేర్చుకుంటారు. అరిగిపోయిన వీల్ సిలిండర్‌ను కొలిచి, గీసి, చేసి, బిగించి, బ్రేకు పట్టిందా లేదా అని తోలి చూడటం కన్నా మంచి పరీక్ష వాళ్లకు ఏముంటుంది? టింకరింగు పని, లప్పం పెట్టకుండా రేకును సుత్తితో సాపు చేసే పని తెలిసిన ముసలి మేస్త్రీలు ఇంకా మిగిలే ఉన్నారు. వాళ్లు పోయాక నేర్పేవాళ్లుండరు. కాకపోతే ఈ పని రేకుల షెడ్డులో పక్కపక్కనే పెట్రోలు, థిన్నర్, వెల్డింగ్ నిప్పు పెట్టుకుని చేసేది కాకూడదు. 2025 జూన్ 30న సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో యాభై మందికి పైగా కార్మికుల్ని పోగొట్టుకున్న పాశమైలారానికి ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

కొనేవాడి పక్షాన కూడా నాలుగు మాటలు చెప్పాలి. ‘అంతా ఒరిజినల్’ అన్న మాటను నమ్మి బయానా ఇవ్వకూడదు. జేబులో చిన్న అయస్కాంతం వేసుకుని వెళ్లాలి. తలుపు అడుగున, చక్రం పైన అది అంటుకోకుండా జారిపోతే లోపల రేకు లేదు, లప్పం ఉంది. ఇంజన్ బ్లాకు ఎడమ పక్క ముందు భాగంలో కొట్టిన నంబరు ఆర్‌సీలో ఉన్నదానితో కలవాలి, ఆ నంబరు చుట్టూ గీసిన గుర్తులుంటే అనుమానించాలి. మెరిసే కొత్త పెయింటు చూసి మురిసిపోవద్దు. కొంచెం వెలిసినా కంపెనీ పెయింటే ఉన్న బండి, చిరిగినా అసలు సీటు గుడ్డే ఉన్న బండి విలువైనవి. పెయింటు ఎప్పుడైనా వేయించవచ్చు, వేయించాక పాతదాన్ని మాత్రం ఎవడూ తిరిగి తేలేడు. చల్లారి ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టి చూడాలి. మనం వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే అమ్మేవాడు ఏదో దాస్తున్నాడని అర్థం. అన్నిటికన్నా ముందు, కిందటి ఆరు నెలల్లో ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగాలి. ‘అసలు బయటికే తీయలేదండీ’ అని గొప్పగా చెప్తే ధర తగ్గించి మాట్లాడాలి.

ఇంతకీ మార్చాల్సింది ఒక్క వాక్యం. వింటేజ్ నంబరున్న బండి ఏడాదికి 1,500 కిలోమీటర్ల దాకా, పగటి పూట, సొంత అవసరానికి తిరగవచ్చు అని రాస్తే చాలు. మీటరు రీడింగు ఫొటోను ఏటా ఇన్సూరెన్స్ రెన్యూవల్‌తో పాటు పరివాహన్ పోర్టల్‌లో ఎక్కించమనవచ్చు. పాత బండి మీటరు పని చేయదంటారేమో, చేయించుకోమనండి, అది కూడా లేత్ పనే. రెండేళ్లకోసారి బ్రేకులు, స్టీరింగు, లైట్లు మాత్రం గట్టిగా పరీక్షించాలి. ఆ పరీక్ష చేసే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు డ్రమ్ము బ్రేకు అంటే ఏమిటో తెలిసి ఉండాలి. హద్దు దాటినవాడికి జరిమానా వేయండి, మళ్లీ దాటితే వింటేజ్ హోదా తీసేయండి. నిబంధన కేంద్రానిదే అయినా సవరించమని అడగడానికి తెలంగాణ రవాణా శాఖకు అడ్డేమీ లేదు. ఎలాగూ ఈ దరఖాస్తులన్నీ వచ్చేది వాళ్ల బల్ల మీదికే, 60 రోజుల్లో తేల్చాల్సిందీ వాళ్లే.